పెరట్లో డొక్కలు - పొయ్యిలో మంట

కొబ్బరి చెట్టులో పారేసేది ఏదీ ఉండదని పెద్దవాళ్ళు చెబుతూ ఉంటారు. మా దిండి, మలికిపురం వైపు ఏ పెరట్లో చూసినా మట్టలు, డొక్కలు, చిప్పలు కుప్పలుగా ఉంటాయి. వీటినే చదువుకున్నవాళ్ళు 'బయోమాస్' అంటున్నారు. మన రాష్ట్రంలో ఊకతో కరెంటు తీసే ప్లాంట్లు కూడా వెలిశాయి.

1999లో దీపం పథకంతో ఎన్నో ఇళ్ళకి గ్యాసు వచ్చింది. 2024లో మొదలైన దీపం-2లో అర్హులకు ఏడాదికి మూడు బండలు ఉచితం. కానీ నలుగురున్న ఇంట్లో మూడు బండలతో ఏడాది గడుస్తుందా? అందుకే వేన్నీళ్ళకి, కుడితికి పెరటి పొయ్యి వాడుకుంటే గ్యాసు మిగులుతుంది.

అయితే పొగతో మాత్రం జాగ్రత్త! ఇళ్ళలోని పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2,37,000 మందికి పైగా అయిదేళ్ళ లోపు పిల్లలే. పొయ్యి దగ్గర కూర్చునేది మనం, మన ఒళ్ళో ఉండేది పసివాళ్ళు. కాబట్టి వంటింట్లో గ్యాసు, ఆరుబయట డొక్కల పొయ్యి అని నియమం పెట్టుకోండి.

పొగ ఎందుకొస్తుంది?

పొగంటే సరిగ్గా కాలని ఇంధనమే. పచ్చి డొక్క వేస్తే మంట వేడంతా ముందు తడి ఆర్చడానికే పోతుంది. పొయ్యి నిండా కుక్కితే గాలి ఆడదు. అప్పుడు కళ్ళు మండుతాయి, నీళ్ళు మాత్రం కాగవు.

ఇలా చేసి చూడండి

* డొక్కల్ని ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, వాన తగలకుండా చూరు కింద పేర్చండి.
* మట్టల్ని చిన్న ముక్కలుగా కొట్టి, కొద్దికొద్దిగా వేయండి. అడుగున ఇనుప జల్లెడ పెడితే గాలి బాగా ఆడుతుంది.
* రాజేయడానికి ఎండు కొబ్బరాకు చాలు. ప్లాస్టిక్ కవర్లు వద్దు, ఆ పొగ విషం.
* చిప్పలు బాగా వేడిస్తాయి. వాటి బొగ్గు ఇస్త్రీ పెట్టెకి పనికొస్తుంది. కానీ తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. కంటికి కనబడని విషవాయువు ప్రాణం తీస్తుంది.
* పీచు తీయగా మిగిలిన పొట్టు తడిని పట్టి ఉంచుతుంది. పొయ్యిలో వేస్తే రాజుతూ పొగ చిమ్ముతుంది. దాన్ని పూలకుండీల్లో వేయండి. కడియం నర్సరీల్లో మొక్కలకి వాడేది అదే.
* చల్లారిన బూడిదలో పొటాష్ ఉంటుంది. కొబ్బరి పాదులో చల్లండి.

డొక్కలన్నీ లారీవాడికి అమ్మేసే ముందు, మీ ఇంటి వేన్నీళ్ళకి సరిపడా పక్కన పెట్టుకోండి మరి!