లండన్ అబ్బాయి లైడెన్‌కి... డబ్లిన్ అమ్మాయి బుడాపెస్ట్‌కి!

ఎదురింటివాళ్ళ అబ్బాయి లండన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడట, వెనకవీధి పిన్నిగారి మనవరాలికి డబ్లిన్‌లో సీటొచ్చిందట... ఇలాంటి కబుర్లు ఇప్పుడు మన ఊళ్ళలో కొత్తేమీ కాదు. మరి మన పిల్లలు ఏ దేశాల కోసం కలలు కంటున్నారో, ఆ దేశాల పిల్లలు పైచదువుకి ఎక్కడికి వెళ్తున్నారో ఎప్పుడైనా ఆలోచించారా?

"వాళ్ళకేం ఖర్మ! గుమ్మం ముందే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పెట్టుకుని ఇంకో దేశం పోవడమెందుకు?" అంటారేమో. కానీ అక్కడి తల్లులకీ మనలాంటి బెంగలే ఉన్నాయి. ఫీజు ఎక్కువ, మార్కులు చాలవు, గది దొరకదు, చదువయ్యాక ఉద్యోగం మాటేమిటి? ఈ నాలుగు లెక్కలూ వేసుకునే బ్రిటన్, ఐర్లండ్ పిల్లలు సముద్రం దాటుతున్నారు. ఎక్కువమంది చదువు స్వదేశంలోనే సాగుతుంది కానీ, వెళ్ళేవాళ్ళు దేశాన్ని ఎలా ఎంచుకుంటున్నారో తెలుసుకుంటే మనకీ పనికొస్తుంది.

పడవెక్కి పట్టా తెచ్చుకున్న అమ్మాయిలు

ఈ అలవాటు నిన్నా మొన్నటిది కాదు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఇంగ్లండు జమీందార్ల కొడుకులు చదువయ్యాక ఫ్రాన్సు, ఇటలీ చుట్టి వచ్చేవారు. దాన్ని 'గ్రాండ్ టూర్' అని గొప్పగా చెప్పుకునేవారు. ఐర్లండ్‌వాళ్ళది సరదా ప్రయాణం కాదు. తమ దేశంలో కాథలిక్కుల చదువుకి ఆంక్షలు ఉండడంతో వాళ్ళు ఐరోపా దారి పట్టారు. వాళ్ళకోసం స్పెయిన్‌లోని సలమాంకాలో 1592లో, ఇప్పటి బెల్జియంలో ఉన్న లూవెన్‌లో 1607లో ప్రత్యేకంగా ఐరిష్ కళాశాలలు వెలిశాయి.

ఇవన్నీ మగపిల్లల ముచ్చట్లే. మరి ఆడపిల్లలో? ఇక్కడ మనం తప్పక తెలుసుకోవలసిన కథ ఒకటుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఆడపిల్లలు చదువుకునేవారు, పరీక్షలు రాసి పాసయ్యేవారు. పట్టా మాత్రం ఇచ్చేవారు కాదు! డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ 1904లో స్త్రీలకు తలుపులు తెరిచింది. అంతే, 1904 నుంచి 1907 వరకు దాదాపు 700 మంది ఆడవాళ్ళు పడవెక్కి డబ్లిన్ వెళ్ళి, తాము కష్టపడి చదివిన చదువుకి అక్కడ పట్టా పుచ్చుకుని వచ్చారు. వాళ్ళకి 'స్టీమ్‌బోట్ లేడీస్' అని పేరు. ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు పట్టాలు ఇవ్వడం 1920లో మొదలెట్టింది. కేంబ్రిడ్జి అయితే 1948 దాకా దిగిరాలేదు. మనకు స్వాతంత్య్రం వచ్చిన మరుసటి ఏడాదన్నమాట!

చదువుతోపాటు పెళ్ళి సంబంధం కూడా!

ఈ కాలానికి వస్తే, అందరి నోటా వినిపించే పేరు 'ఎరాస్మస్'. యూరప్ దేశాలు కలిసి 1987లో మొదలెట్టిన పథకమిది. బ్రిటన్, ఐర్లండ్ మొదటి నుంచీ అందులో ఉన్నాయి. పద్ధతి చాలా తేలిక. డబ్లిన్ కాలేజీలో చదివే అమ్మాయి ఒక సెమిస్టరో, ఒక ఏడాదో స్పెయిన్‌లోనో, జర్మనీలోనో చదువుతుంది. అక్కడి కాలేజీకి వేరే ఫీజు కట్టనక్కర్లేదు. ఖర్చులకు కొంత డబ్బు ఇస్తారు. అక్కడ రాసిన పరీక్షల మార్కులు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయి.

ఇందులో ఒక సరదా లెక్క కూడా ఉంది. 2014లో యూరోపియన్ కమిషన్ వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఎరాస్మస్‌లో వెళ్ళినవాళ్ళలో 27 శాతం మందికి జీవిత భాగస్వామి ఆ విదేశీ చదువు రోజుల్లోనే తారసపడ్డారట. 1987 నుంచి అప్పటిదాకా ఇలాంటి జంటలకు పుట్టిన పిల్లలు సుమారు పది లక్షలు ఉంటారని అంచనా వేశారు. పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా అంత పని చేసి ఉండరు!

అమ్మమ్మ పుట్టిన ఊరు అక్కరకొచ్చింది

2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చింది. ఆ ఏడాది చివరితో ఎరాస్మస్‌లో కొత్తగా చేరే దారి మూసుకుపోయింది. దాని బదులు 2021లో 'ట్యూరింగ్' పథకం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సంకేతాలను ఛేదించిన గణిత మేధావి ఆలన్ ట్యూరింగ్ పేరది. ఆయన కూడా అమెరికా వెళ్ళి ప్రిన్స్‌టన్‌లో 1938లో డాక్టరేట్ తీసుకున్నవాడే. ఈ పథకంలో యూరప్ ఒక్కటే కాక అమెరికా, కెనడా, జపాన్, ఆస్ట్రేలియా ఎక్కడికైనా వెళ్ళొచ్చు. పేద కుటుంబాల పిల్లలకు సాయం ఎక్కువ. అయితే డబ్బు బ్రిటన్ నుంచి వెళ్ళేవాళ్ళకే, బయటినుంచి వచ్చేవాళ్ళకి లేదు. ఫీజు మినహాయింపు కూడా కాలేజీలు తమలో తాము మాట్లాడుకుని కుదుర్చుకోవాలి. వేల్స్ ప్రాంతం 2022లో సొంతంగా మరో పథకం పెట్టుకుంది. దాని పేరు 'తైత్', అంటే వాళ్ళ భాషలో ప్రయాణం.

ఐర్లండ్ మాత్రం యూరోపియన్ యూనియన్‌లోనే ఉంది. కాబట్టి రెండు దేశాల పిల్లల దారులూ అక్కడే చీలాయి. డబ్లిన్ అమ్మాయి ప్యారిస్ వెళ్ళి ఏడాదిపాటు చదవాలంటే వీసా అక్కర్లేదు. అదే మాంచెస్టర్ అమ్మాయికి 90 రోజులు దాటితే వీసా కావాలి. దరఖాస్తులు, బ్యాంకు కాగితాలు, అపాయింట్‌మెంట్లు... మన పిల్లలు పడే పాట్లన్నీ ఆ అమ్మాయికీ తప్పవు.

ఇక్కడే అమ్మమ్మలు, నాయనమ్మలు రంగప్రవేశం చేశారు! తాత గానీ, అమ్మమ్మ గానీ ఐర్లండ్ ద్వీపంలో పుట్టి ఉంటే మనవలు ఐర్లండ్ పౌరసత్వానికి నమోదు చేసుకోవచ్చు. ఆ పాస్‌పోర్టు చేతికొస్తే మళ్ళీ యూరప్ తలుపులు తెరుచుకున్నట్టే. బ్రిటన్ బయటికి రావాలని 2016లో ఓటేసిన దగ్గర్నుంచి ఐరిష్ పాస్‌పోర్టులకు అక్కడ గిరాకీ బాగా పెరిగింది. పాత ట్రంకు పెట్టెల్లోని అమ్మమ్మ జనన పత్రం, పెళ్ళి పత్రం బంగారమంత విలువైనవైపోయాయి. ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు స్నేహితురాళ్ళలో ఒకరికి తలుపు తెరుచుకోవడం, ఇంకొకరికి మూసుకోవడం కేవలం అమ్మమ్మ ఎక్కడ పుట్టిందన్నదాని మీద ఆధారపడిందంటే విచిత్రం కదూ!

అయితే పిల్లలకు ఊరట కలిగించే కబురు కూడా ఉంది. 2027 నుంచి తిరిగి ఎరాస్మస్‌లో చేరతామని బ్రిటన్ ప్రభుత్వం 2025 డిసెంబరులో ప్రకటించింది.

ఫీజుల లెక్క

ఇంగ్లండులో డిగ్రీ ఫీజు 1998లో ఏడాదికి వెయ్యి పౌండ్లతో మొదలైంది. 2012కి 9,000 అయింది. 2025లో 9,535 పౌండ్లకు చేరింది. ఐర్లండ్‌లో విద్యార్థి కట్టవలసిన వాటా సుమారు 2,500 యూరోలు. స్కాట్లండ్‌లో అయితే అక్కడి పిల్లలు అక్కడే చదివితే ఫీజే లేదు.

2012లో ఫీజు పెరగగానే ఇంగ్లండు పిల్లలు కొందరు నెదర్లాండ్స్ వైపు చూశారు. మాస్ట్రిక్ట్, గ్రోనింగెన్, లైడెన్ వంటి ఊళ్ళలో ఇంగ్లీషులోనే డిగ్రీలు చెబుతారు. యూరోపియన్ యూనియన్ పిల్లలకు అక్కడి ఫీజు ఇప్పుడు సుమారు 2,600 యూరోలు. ఐర్లండ్ పిల్లలకు ఇది నేటికీ లాభసాటి బేరమే. బ్రిటన్ పిల్లలు మాత్రం ఇప్పుడు బయటివాళ్ళ కిందే లెక్క కనుక దానికి ఎన్నో రెట్లు కట్టాలి. పైగా పూర్తి డిగ్రీ విదేశంలో చేస్తానంటే ఇంగ్లండు ప్రభుత్వం విద్యార్థి రుణం ఇవ్వదు. అందుకే చాలామంది మధ్యే మార్గంగా సొంత కాలేజీలోనే చేరి, డిగ్రీ మధ్యలో ఒక్క ఏడాది బయట చదివి వస్తారు. ఆ ఏడాదికి ఇంగ్లండు కాలేజీ మామూలు ఫీజులో 15 శాతానికి మించి తీసుకోకూడదు.

జర్మనీ కథ వేరు. చాలా రాష్ట్రాల్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏ దేశంవాళ్ళకైనా ఫీజు ఉండదు. కానీ బయటి దేశాల పిల్లలు వీసా కోసం ఏడాది ఖర్చుకి దాదాపు 12,000 యూరోలు ముందే చూపించాలి. ఉచితమనగానే సంచీ సర్దుకుంటే కుదరదు సుమా!

చేరడం తేలిక, నిలబడడం కష్టం

ఐర్లండ్‌లో ఇంటర్‌తో సమానమైన చదువుని 'లీవింగ్ సర్టిఫికెట్' అంటారు. బాగా వచ్చిన ఆరు సబ్జెక్టుల మార్కుల్ని పాయింట్లుగా మారుస్తారు. గరిష్ఠం 625. ఆగస్టులో ఫలితాలొచ్చినప్పుడు అక్కడి ఇళ్ళలో ఉండే హడావుడి మన ఎంసెట్ రోజుల్ని గుర్తుకు తెస్తుంది. గిరాకీ ఉన్న కోర్సుల్లో కొన్నిసార్లు ఒకే పాయింట్లు వచ్చినవాళ్ళు సీట్లకు మించి ఉంటారు. అప్పుడు లాటరీయే!

పశువైద్యం చదవాలన్న ఐర్లండ్ అమ్మాయికి చాలాకాలం దేశం మొత్తంలో ఉన్నది ఒకే ఒక్క కాలేజీ, డబ్లిన్‌లో. అక్కడ సీటు రాకపోతే? బుడాపెస్ట్, వార్సా, స్లొవేకియాలోని కోషిట్సే! బుడాపెస్ట్ పశువైద్య విద్యాలయం 1787లో పుట్టిన పాత సంస్థ. అక్కడ విదేశీయులకు ఇంగ్లీషులోనే బోధిస్తారు. బ్రిటన్ నుంచి డాక్టరీ చదువుకి బల్గేరియాలోని ప్లోవ్‌డివ్, వార్నా వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

ఇలాంటి చోట్ల చేరడానికి మార్కుల పోటీ తక్కువైనా, తరువాత వడపోత గట్టిగా ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని చాలా కోర్సుల్లో మొదటి ఏడాది నిర్ణీత మార్కులు రాకపోతే ఆ కోర్సు వదిలి బయటికి నడవాల్సిందే. ఇక గదుల కరువు ఎంతంటే, ఉండడానికి చోటు దొరకకపోతే అసలు బయలుదేరవద్దని అక్కడి విశ్వవిద్యాలయాలే విదేశీ పిల్లల్ని హెచ్చరించాయి. డబ్లిన్‌లో అద్దెలు భరించలేక విదేశం వెళ్దామనుకున్న పిల్లకి అక్కడా అదే తంటా!

పరుగెత్తి సంపాదించిన సీటు

అమెరికాకి వెళ్ళే దారులు రెండు. ఒకటి సెలవుల్లో వెళ్ళి కష్టపడి నాలుగు డాలర్లు సంపాదించుకునే జె-1 వీసా. ఐర్లండ్ కాలేజీ పిల్లల్లో ఎన్నో ఏళ్ళుగా ఇది ఒక ఆనవాయితీ. రెండోది స్కాలర్‌షిప్ మీద చదువు. ఆటల్లో రాణించేవాళ్ళకి అమెరికన్ కాలేజీలు ఎర్రతివాచీ పరుస్తాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచిన రోనీ డెలానీ, 2000 సిడ్నీలో 5000 మీటర్ల రజతం తెచ్చిన సోనియా ఓ'సలివాన్... ఇద్దరూ ఐర్లండ్ నుంచి వెళ్ళి విల్లనోవా విశ్వవిద్యాలయంలో చదివినవాళ్ళే. ఐర్లండ్‌కి 1990లో తొలి మహిళా అధ్యక్షురాలైన మేరీ రాబిన్‌సన్ 1968లో హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం పైచదువు పూర్తి చేశారు.

వెళ్ళనివాళ్ళ సంగతేమిటి?

బ్రిటన్ పిల్లలు ఇల్లు కదలకపోవడానికి పెద్ద కారణం భాష. ప్రపంచమంతా ఇంగ్లీషు నేర్చుకుంటుంటే మనకింకో భాష ఎందుకన్న ధీమా. 2004లో ఇంగ్లండు బడుల్లో 14 ఏళ్ళు దాటాక విదేశీ భాష చదవడం తప్పనిసరి కాదన్నారు. అప్పట్నుంచి ఫ్రెంచి, జర్మన్ తీసుకునేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఇంట్లో ఒకటి, బళ్ళో ఒకటి, వీధిలో ఒకటి మాట్లాడే మన పిల్లలకి ఈ విషయంలో వాళ్ళకంటే బలం ఎక్కువని గుర్తుంచుకోండి.

రెండో కారణం డబ్బు. ఏడాది బయట ఉంటే ఇక్కడ చేసుకునే చిన్న ఉద్యోగం పోతుంది, అక్కడ అద్దె కట్టాలి, పొదుపు లేని ఇంటి పిల్ల ఎలా వెళ్తుంది? అందుకే ఇప్పుడు కొన్ని వారాల చిన్న ప్రయాణాలకూ సాయం చేస్తున్నారు. ఇంటికి దూరంగా ఉండడమంటే ఏమిటో తెలియడానికి అవీ మంచి మెట్టే.

ఇక సూట్‌కేసు సర్దే అమ్మల సంగతి ఎక్కడైనా ఒకటే. మనం ఆవకాయ సీసా మీద నాలుగు ప్లాస్టిక్ కవర్లు చుడతాం. ఐర్లండ్ తల్లి బ్యారీస్ టీ ప్యాకెట్లు, టేటో చిప్స్ సర్దుతుంది. యూరప్‌లో దొరికే టీ వాళ్ళ పిల్లల నోటికి పట్టదట!

మీ ఇంట్లో ఈ ప్రస్తావన వస్తే...

* ముందు మొత్తం ఖర్చు రాసుకోండి. ఫీజు ఒక్కటే కాదు. గది అద్దె, తిండి, ఆరోగ్య బీమా, వీసా, రాకపోకల టిక్కెట్లు అన్నీ కలపండి.

* ఎవరికో తక్కువ ఫీజు అని విని మురిసిపోకండి. ఒకే తరగతికి పాస్‌పోర్టును బట్టి రెండు రకాల ఫీజులుంటాయి. భారతీయ విద్యార్థికి ఎంతో విడిగా అడగండి.

* డాక్టరీ లాంటి చదువైతే తిరిగొచ్చాక ఇక్కడ చెల్లుతుందా చూసుకోండి. విదేశంలో వైద్యం చదివినవాళ్ళు మన దేశంలో ప్రాక్టీసు పెట్టాలంటే ఇక్కడి అర్హత పరీక్ష పాసవ్వాలి.

* మొదటి ఏడాది తప్పితే ఏమవుతుందో చేరకముందే తెలుసుకోండి.

* గది ఖాయమయ్యాకే విమానం టిక్కెట్టు కొనండి. ముఖ్యంగా ఆడపిల్లకి కాలేజీ వసతి దొరుకుతుందేమో ముందు అడగండి.

* పాఠం ఇంగ్లీషులో చెప్పినా, బజారులో, ఆస్పత్రిలో ఆ ఊరి భాష కావాలి. వెళ్ళేముందే నాలుగు ముక్కలు నేర్చుకోమనండి.

* ఇంట్లో పెద్దవాళ్ళ జనన పత్రాలు, పెళ్ళి పత్రాలు, సర్టిఫికెట్లు ఒకచోట జాగ్రత్త చేయండి. ఎప్పుడు ఏది అక్కరకొస్తుందో చెప్పలేం.

వీటికి జవాబులు వెతికే పని మీ ఒక్కరిమీదా వేసుకోకండి. వెళ్తానన్న అమ్మాయినో, అబ్బాయినో కూర్చోబెట్టి వాళ్ళచేతే రాయించండి. ఆ కాగితం నిండేసరికి వెళ్ళాలో వద్దో వాళ్ళకీ తెలిసిపోతుంది, మీ బెంగా సగం తీరిపోతుంది.