మా తాత పాత్ర పేరు 'రాజకీయం': డక్కీ నుంచి డల్లాస్ దాకా

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, దాచేపల్లిలో మా మిరప చేను గట్టు మీద కూర్చుని చేస్తున్నా. వెనక కోత నడుస్తోంది, మధ్యలో మాటలు వినపడితే ఏమనుకోకండి.

డల్లాస్‌లో మా పెదనాన్న కొడుకు ఉంటాడు, ఆ అన్నయ్య కూతురికి పద్నాలుగేళ్లు. మీ ఇంటివాళ్ల వలస కథ రాసుకురమ్మని స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారంట. వీడియో కాల్ చేసి, "బాబాయ్, ముత్తాత ఏం చేసేవారు?" అంది. రైతు అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ మా తాత కుర్రతనంలో బుర్రకథ దళంలో కుడిపక్క వంత. ఆ పాత్ర పేరు 'రాజకీయం'. "పాలిటిక్స్ అని పేరా?" అని ఒకటే నవ్వు.

మీలోనూ చాలామంది బుర్రకథ ఎదురుగా చూసి ఉండరు. మధ్యలో కథకుడు, భుజాన తంబుర, వేలికి అందెలు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, రెండోవాళ్లది రాజకీయం. కథ పల్నాటి యుద్ధం అనుకోండి. కథకుడు ఎనిమిది వందల ఏళ్ల కిందటి కోడిపందెం దగ్గర ఉంటాడు. రాజకీయం అడ్డం పడి ఇవాళ్టి సంగతి లాగుతాడు: కౌలెంత, వడ్డీ ఎంత, ఊళ్లో పెద్దలు చేస్తున్నదేంటి? పాత కథలోకి ఆ రోజు పేపరు దూరిపోద్ది. మన రియాక్షన్ వీడియోలకు తాత అన్నమాట.

దీన్ని జనం ఆయుధంగా మార్చింది 1943లో మొదలైన ప్రజానాట్యమండలి. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ అందులో పెద్ద పేరు. బెంగాల్ కరువు మీద కూడా బుర్రకథ చెప్పాడాయన. అటు నిజాం, ఇటు మద్రాసు ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయంటే ఎంత గుచ్చుకునుంటుందో ఊహించండి. అదే నాజర్‌కి 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇక మా తాత వలస. అప్పట్లో పల్నాడు అంటే మెట్ట, జొన్నకూడు. శ్రీనాథుడంతటివాడు కూడా ఆ కూటి మీద విసుక్కున్నాడు! 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యాక, కాలువ కింద నల్లరేగడి చవకగా దొరుకుతోందని కోస్తా రైతులు కర్ణాటక వైపు కదిలారు. తాత ఇక్కడి మూడెకరాల్లో రెండు అమ్మి సింధనూరు దగ్గర పది కొన్నాడు. మనవాళ్లు గుడిసెలేసుకున్న చోటల్లా 'క్యాంపు' అయింది. అరవై ఏళ్లు దాటి మేడలు లేచినా ఇప్పటికీ క్యాంపే. తమాషా ఏంటంటే, ఆయన వెళ్లిన కొన్నేళ్లకి, 1967లో, సాగర్ కాలువలకు నీళ్లొదిలారు. మిగిలిన ఆ ఎకరం చూసుకోవడానికే మా నాన్న వెనక్కొచ్చాడు, పెదనాన్న అక్కడే ఉండిపోయాడు.

క్యాంపుకెళ్లాక తాత డక్కీ ముట్టుకోలేదు. "పరాయి ఊళ్లో మనకెందుకు నోరు" అన్నాడని నాయనమ్మ చెప్పేది. నాకు ఇంకో కారణం కనపడుద్ది. ఇక్కడ భూమి లేనోళ్ల తరఫున అడిగిన మనిషి, అక్కడ స్థానికుల దగ్గర పొలం కొన్న ఆసామి. ఇక ఆ ప్రశ్న ఎవర్నడగాలి?

ఇది చెప్తే డల్లాస్ పిల్ల, పోయినేడాది సంక్రాంతి ఫంక్షన్‌లో తనూ బుర్రకథ వేశానంది. ఇద్దరు వంతలూ హాస్యమేనంట. సభలో అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు, గొడవలొద్దని పెద్దలు రాజకీయం తీసేశారు.

ఫిబ్రవరిలో మళ్లీ కాల్ చేసింది. మనకు పొద్దున ఎనిమిది, వాళ్లకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఫోన్ తిప్పి చేను చూపించా. గట్టున పట్టాలు కప్పిన గుడారాలు చూసి ఎవరు వాళ్లంది. కర్నూలు జిల్లా కోసిగి వైపు నుంచి కోతలకొచ్చారు, దాన్ని వాళ్లు 'సుగ్గి' అంటారు, అన్నా.

"అయితే వాళ్లూ ముత్తాత లాగేనా?"

"కాదమ్మా, వాళ్లు సీజన్‌కి వచ్చి వెళ్లిపోతారు."

"ఎందుకొస్తారు?"

"అక్కడ వానల్లేవు, పనుల్లేవు."

"ముత్తాత కూడా నీళ్లు లేకేగా వెళ్లింది?"

నా దగ్గర జవాబు లేదు. తేడా ఉంది. తాత అమ్ముకోవడానికి రెండెకరాలుంది. మా వలసకి ఇంట్లో పెట్టుకున్న పేరు 'పైకి రావడం'. సుగ్గికొచ్చేవాళ్లు కిలోల లెక్కన కూలి తీసుకుని వేసవికి వెళ్లిపోతారు, వచ్చే ఏడు మళ్లీ వస్తారు. పిల్లల్ని ఊళ్లో వదలడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది. అయినా ఇప్పుడు నా వెనక మిరపకాయలు కోస్తున్న ఇద్దరు బడికెళ్లాల్సినవాళ్లే. ఆ కూలి ఇస్తున్నది కూడా నేనే, అది దాచను.

ఆ పిల్ల ప్రాజెక్ట్‌లో రెండు కథలూ పక్కపక్కనే రాసింది, మాదీ గుడారంలోవాళ్లదీ. వాళ్ల వివరాలు నేనే అడిగి చెప్పాలి కదా, ఆ సాయంత్రం మొదటిసారి వాళ్ల పొయ్యి దగ్గర కూర్చున్నా. నాలుగేళ్లుగా మా చేలోకే వస్తున్నారు. అంతవరకు వాళ్ల ఊరి పేరు కూడా సరిగ్గా అడగలేదు. పెద్దామె ముందు నన్నే అడిగింది: "మీ తాత అంత దూరం పోతే, ఆడ మీవోళ్లని ఎవరన్నా ఇట్ల పలకరించినారా?"

ఆమెతో మాట్లాడింది నెక్స్ట్ ఎపిసోడ్‌లో పెడతా. మొహం చూపించొద్దంది, గొంతు ఒక్కటే వింటారు.