వెలుగు ఎక్కువైనా చీకటే!

జీపు నెత్తిన ఎల్‌ఈడీ బార్, బంపర్ మీద రెండు ఫోకస్ లైట్లు, బండి కింద నీలి వెలుగులు... కుర్రకారుకి ఇదో సరదా. గుట్టల్లో, పొలాల్లో అలాంటి దీపాలు నిజంగానే దారి చూపిస్తాయి. అవే తారు రోడ్డెక్కితే మాత్రం ఎదుటివాడి కళ్లకు గంతలు కడతాయి. మరి ఏ దీపం ఎక్కడ ఉండాలి? ఎలా బిగించాలి? చట్టం ఏమంటోంది?

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని సుమారు ముప్ఫై కిలోమీటర్లు వెళితే రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వస్తుంది. కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు, రాతిగుట్టలు, వాటి నడుమ పొలాలు, మట్టిబాటలు. మంచాల దాటి రాచకొండ గుట్టల వైపు మళ్లితే బండరాళ్లే దారి. ఫోర్ వీల్ డ్రైవ్ జీపున్న నగరవాసికి ఇలాంటి నేల కనిపిస్తే కాలు ఆగదు. కానీ ఈ నేల మీద తిరిగే బండి జీపు ఒక్కటేనా? దమ్ము చేసే ట్రాక్టరూ, వరికోత యంత్రమూ కూడా రోడ్డు లేనిచోట నడిచేవే. పొద్దుగూకాక వీటన్నిటికీ కావాల్సింది ఒకటే... వెలుతురు.

కంపెనీ ఇచ్చిన హెడ్‌లైట్లు ఉన్నాయిగా అంటారా? అవి తారు రోడ్డును దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటి వెలుగు బండికి కొన్ని మీటర్ల ముందు నేలను తాకి దూరంగా సాగిపోతుంది. రోడ్డు మీద అంతే చాలు. బండల మధ్య గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగంతో పాకే బండికి అది చాలదు. అక్కడ యాభై మీటర్ల అవతల ఏముందో కాదు, ముందు చక్రం కింద ఏముందో తెలియాలి. బోనెట్ అడ్డం. బండి కింద చీకటి. సరిగ్గా అక్కడే అదనపు దీపాల అవసరం మొదలవుతుంది.

యుద్ధకాలం నాటి ముచ్చట

ఈ ఆలోచన కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన విల్లీస్ జీపునే చూడండి. దాని హెడ్‌లైట్లను మడత బందుల మీద బిగించారు. మర విప్పి వెనక్కి తిప్పితే ఇంజిన్ మీద వెలుతురు పడేది. అర్ధరాత్రి బండి మొరాయిస్తే టార్చిలైటు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఎడమవైపు మడ్‌గార్డు మీద ముసుగు వేసిన చిన్న దీపం మరొకటి. శత్రువు కంట పడకుండా దారి మాత్రమే కనిపించేందుకు ఆ ఏర్పాటు. వెలుతురు ఎంతుందన్నది కాదు, ఎక్కడ పడుతోందన్నదే ముఖ్యమని ఆ జీపు చేసినవాళ్లకు అప్పుడే తెలుసు. ఆ విల్లీస్ జీపుల్నే మన దేశంలో బిగించి అమ్మడం మహీంద్రా సంస్థ 1947లో మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఎడారి పందేలు వచ్చాయి. మెక్సికోలో 1967లో మొదలైన బాహా పందెం, 1979లో తొలి పరుగు తీసిన పారిస్-డకార్ ర్యాలీ వంటివి బంపర్ల మీద వరుసగా పెద్దపెద్ద దీపాలుండే బండ్లను ప్రపంచానికి చూపించాయి. అప్పట్లో అవన్నీ ఫిలమెంటు బల్బులే. ఎక్కువ వెలుతురు కావాలంటే ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి తప్పేవి కాదు.

ఆ లెక్క మార్చింది ఎల్‌ఈడీ. 1993లో జపాన్‌లో షూజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని రూపొందించడంతో తెల్లటి ఎల్‌ఈడీ వెలుగుకు బాట పడింది. నీలి ఎల్‌ఈడీని కనిపెట్టినందుకు ఆయనతో పాటు ఇసాము అకసాకి, హిరోషి అమానో 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. మామూలు హెచ్4 హాలోజన్ బల్బు హైబీమ్‌లో 60 వాట్లు తిని దాదాపు 1650 ల్యూమెన్ల వెలుగిస్తుంది. అదే కరెంటుతో మంచి ఎల్‌ఈడీ అంతకు మూడు నాలుగు రెట్లు ఇవ్వగలదు. అరచేతిలో పట్టే దీపం ఊరంతా వెలిగించేట్టు కనిపిస్తోందంటే కారణం ఇదే. చిక్కు కూడా ఇక్కడే!

కింద వెలిగితే ఏం లాభం?

బండి కింద బిగించే చిన్న దీపాలను రాక్ లైట్లంటారు. రంగురంగుల్లో వెలిగేవి చూసి ఇవి షోకు కోసమే అనుకుంటాం. నిజానికి రాళ్లు ఎక్కే బండికి అన్నిటికంటే పనికొచ్చేవి ఇవే. ఇలాంటి చోట డ్రైవర్ ఒక్కడే బండి నడపడు. కిందికి దిగి, చేతులతో సైగ చేస్తూ దారి చెప్పే మనిషి మరొకరుంటారు. టైరు రాయి మీద పడిందా, పక్కకు జారుతోందా, మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ బండకు తగులుతోందా... ఇవన్నీ ఆయనకు కనబడాలి. ఆయిల్ కారుతున్నా వెంటనే తెలియాలి. అందుకే ఇక్కడ తెల్ల వెలుగే మేలు. నీలి, ఆకుపచ్చ వెలుగుల్లో కారేది నీళ్లో ఆయిలో పోల్చుకోవడం కష్టం.

నాలుగు చక్రాల పైన మడ్‌గార్డుల లోపలి అంచున ఒక్కోటి, చాసిస్‌కి రెండు వైపులా రెండేసి... మొత్తం ఎనిమిది సరిపోతాయి. ఒక్కోటి 9 వాట్లదైతే అన్నీ కలిపి 72 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద ఆరు ఆంపియర్ల భారం, అంతే. స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడా దీపానికో వైరుకో రాసుకోవడం లేదని చూసుకున్నాకే మర బిగించాలి. సైలెన్సర్ గొట్టానికి దూరంగా ఉంచాలి. వాగులు దాటే బండి కాబట్టి ఐపీ67 గుర్తున్నవి తీసుకోవాలి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరదని ఆ అంకెకు అర్థం.

నెత్తిన పెడితే?

పైకప్పు మీద ఎల్‌ఈడీ బార్ చూడ్డానికి దర్జాగా ఉంటుంది. కానీ దానితో రెండు ఇబ్బందులు. ఒకటి, వెలుగు బోనెట్ మీద పడి డ్రైవర్ కళ్లలోకే తిరిగొస్తుంది. ముందు బండి లేపిన దుమ్ము ఉంటే మరీనూ... ఎదురుగా తెల్లటి గోడ లేచినట్టే ఉంటుంది. రెండోది చాలామందికి తట్టనిది. వెలుతురు కంటి ఎత్తు నుంచే పడితే గుంటల నీడలు కంటికి కనిపించవు. నేలంతా చదునుగా అనిపిస్తుంది. అదే దీపం కింద, బంపర్ దగ్గర ఉంటే చిన్న రాయికీ పొడవాటి నీడ పడుతుంది. గుంత ఎక్కడుందో, మిట్ట ఎక్కడుందో ఆ నీడే చెబుతుంది. మెల్లగా నడిచే చోట వెడల్పుగా పరుచుకునే ఫ్లడ్ దీపం, తక్కువ ఎత్తులో... గుట్టల్లో తిరిగేవారికి ఇదే సరైన జోడీ. దూరం కొట్టే స్పాట్ దీపం వేగంగా పోయే ఎడారి పందేలకు గానీ మన బండరాళ్ల బాటకు కాదు.

తూము తిప్పినట్టు...

దీపం కంటే ముఖ్యమైనది దాని వెనకుండే వైరింగు. హెడ్‌లైటు వైరును కోసి, అందులోంచే ఇంకో రెండు దీపాలకు కరెంటు లాగి, పైన టేపు చుట్టేయడం... బండి కాలిపోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. లెక్క చూడండి. 100 వాట్ల హాలోజన్ దీపాలు రెండు పెడితే దాదాపు 17 ఆంపియర్లు. 120 వాట్ల ఎల్‌ఈడీ బార్‌కు పది ఆంపియర్లు. డాష్‌బోర్డులోని చిన్న స్విచ్చు, సన్నటి వైరు ఇంత భారం మోయలేవు. వేడెక్కుతాయి, పైన ప్లాస్టిక్ కరుగుతుంది, తీగలు ఒకదానికొకటి తగులుతాయి... ఆ తర్వాత జరిగేది చెప్పనక్కర్లేదు.

అందుకే రిలే కావాలి. చెరువు తూము దగ్గర మనిషి మర తిప్పుతాడు, నీళ్లు మాత్రం కాలువలో పారతాయి. ఆయన చేతి మీదుగా పారవు కదా! రిలే చేసేదీ అదే. స్విచ్చులో కొద్దిపాటి కరెంటు మాత్రమే పారుతుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి రిలే మీదుగా లావుపాటి వైరులో నేరుగా దీపానికి చేరుతుంది. పది ఆంపియర్ల దీపానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఆ ఫ్యూజు దీపం దగ్గర కాదు, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. మధ్యలో ఎక్కడ వైరు కోసుకుపోయినా ముందు అదే పోతుంది, బండి మిగులుతుంది. ఇంజిన్ ఆపి దీపాలు వెలిగించుకుని కబుర్లలో పడినా కష్టమే. ఎల్‌ఈడీ బారూ, రాక్ లైట్లూ కలిపి వెలిగితే 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు గంటల్లోపే సగం ఖాళీ. గుట్టల మధ్య బండి తోసేందుకు ఎవరు దొరుకుతారు?

రోడ్డెక్కితే కథ వేరు

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా రోడ్డు లేనిచోటి సంగతి. అదే బండి తిరిగి సాగర్ రోడ్డెక్కి, దీపాలన్నీ అలాగే వెలుగుతుంటే? ఎదురుగా మోటార్‌సైకిల్ మీద ఓ కుటుంబం వస్తోందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కళ్లు చెదిరి మళ్లీ చూపు కుదుటపడటానికి మూడు సెకన్లు పట్టినా చాలు, ఆ బండి 50 మీటర్లు గుడ్డిగా వెళ్లిపోతుంది. ఆ యాభై మీటర్లలో రోడ్డు దాటుతున్న మనిషి ఉండొచ్చు, ఆగి ఉన్న లారీ ఉండొచ్చు. వయసు మళ్లినవారికి, కంట్లో శుక్లాలున్నవారికి చూపు కుదుటపడటానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు కావాలి. దాన్ని చెడగొట్టడానికి ఒక్క క్షణం చాలు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం, డిమ్‌లో ఉన్న దీపం ఎనిమిది మీటర్ల అవతల నిలబడిన మనిషి కళ్లు చెదిరేలా చేయకూడదు. బండి ముందు స్పాట్ లైటు, సెర్చి లైటు బిగించాలంటే ప్రత్యేక పరిస్థితుల్లో, అదీ రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ఉంటేనే. ముందుకు ఎర్ర వెలుగు చూపకూడదు. వెనక్కి చూపేది ఎరుపే కావాలి. రివర్స్ దీపం, ఇండికేటర్ల వంటి వాటికే మినహాయింపు. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీదే ఎర్రబుగ్గలు పోయాయి. మెరిసే ఎరుపు, నీలం దీపాలు అత్యవసర విధుల్లోని వాహనాలకే పరిమితం. మరి మన జీపు కింద నీలి మెరుపులకు చోటెక్కడిది?

కంపెనీ తయారుచేసిన తీరుకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. దీపం మీద మూత వేసుకుంటే చాలన్న ధీమా పనికిరాదు. బంపర్‌కు విడదీసే క్లాంపులు, వైరుకు ప్లగ్గు పెట్టుకుని, గుట్ట దగ్గరికెళ్లాక బిగించుకోవడం, దిగొచ్చేటప్పుడు ఊడదీయడం మంచి అలవాటు. అలాగైనా ముందు రవాణా శాఖ కార్యాలయంలో ఒకసారి అడిగి తెలుసుకోవడం మేలు. కంపెనీయే ఆమోదించిన ఫాగ్ లైట్లతో సరిపెట్టుకుంటే ఏ తలనొప్పీ లేదు.

ట్రాక్టర్ మాటేమిటి?

సరదా బండ్లకంటే ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే. నాగలి పని కనబడేందుకు ట్రాక్టర్‌కి వెనకవైపు తెల్లటి దీపం ఉంటుంది. ప్లౌ ల్యాంప్ అంటారు. పొలంలో అది ప్రాణం. పని ముగించుకుని దాన్ని ఆర్పకుండానే రోడ్డెక్కితే? వెనక నుంచి వచ్చేవాడికి తెల్ల దీపం కనిపిస్తుంది. తెల్ల వెలుగంటే ఎదురుగా వస్తున్న బండి అనే మన కన్ను నమ్ముతుంది. మెల్లగా ముందుకు పోతున్న ట్రాక్టర్ అని తెలిసేసరికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. ట్రాలీ తగిలిస్తే ఇంకో ముప్పు... ట్రాక్టర్ వెనక దీపాలన్నీ దాని చాటుకు పోతాయి. ట్రాలీకి సొంతంగా ఎర్ర దీపాలు, ఎర్ర రిఫ్లెక్టర్లు లేకపోతే చీకట్లో అది కదిలే గోడే. వేలు పోసి ముందు ఎల్‌ఈడీలు పెట్టించుకునే ముందు, కొద్ది ఖర్చుతో వెనక రిఫ్లెక్టర్లు అతికించుకుంటే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

అదనపు దీపం బిగించే ముందు మెకానిక్‌ను అడగాల్సినవి నాలుగే. రిలే ఉందా? ఫ్యూజు బ్యాటరీ పక్కనే పెట్టావా? హెడ్‌లైటుతో సంబంధం లేకుండా దీనికి వేరే స్విచ్చు ఇచ్చావా? ఊడదీయడం తేలికేనా? ఇక మనల్ని మనం అడగాల్సింది ఒక్కటే. ఈ దీపం నాకు దారి చూపిస్తుందా, ఎదుటివాడికి దారి లేకుండా చేస్తుందా?

ఈ రాత్రి మీ బండి తీసేటప్పుడు ఒక్కసారి పది అడుగులు ముందుకెళ్లి, మీ దీపాలకు ఎదురుగా నిలబడి చూడండి. మీ కళ్లు మూతపడ్డాయంటే... ఎదుటివాడివీ అంతే!