ఒకే నేలపై ఇద్దరు విద్యార్థులు

బిడ్డ బోర్లపడిన నాడు బొబ్బట్లును, అడుగులు వేసిన నాడు అరిసెలును వండి ఇరుగుపొరుగులకు పంచుట తెలుగువారి యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న ముచ్చట. ఈ రెండు పండుగలకు నడుమ, బిడ్డ చేతులపైనను మోకాళ్లపైనను లేచి దోగాడ నారంభించు ఘట్టము మనశ్శాస్త్రజ్ఞులకు మిక్కిలి ఆసక్తి గొలుపునట్టిది. ఆ యింట పెంపుడు కుక్క కూడ ఉన్నయెడల అది మరింత విచారణీయమగును. ఏలన, అంతవరకు ఊయెలలోనో తల్లి చంకలోనో ఉండి, పాలవాసన చేతను ఏడుపు చేతను మాత్రమే కుక్కకు పరిచితమైన ప్రాణి, ఒకనాడు నేలకు దిగి, కేరింతలు కొట్టుచు, నాలుగు కాళ్ల జంతువువలె సూటిగా దానిపైకి వచ్చును. తల్లిదండ్రుల దృష్టికిది తమ సంతానము సాధించిన అభ్యుదయము. కుక్క దృష్టికి ఇంటిలో అనుమతి లేకయే ప్రవేశించిన క్రొత్త జంతువు. ఈ రెండు దృష్టులకు గల అంతరమును ఎరిగి పెద్దలు మసలుకొనుటయందే బిడ్డ, కుక్క ఉభయుల క్షేమము ఆధారపడియున్నది.

దోగాటకు నియతమైన తిథి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు భారతదేశము, ఘానా, నార్వే, ఒమన్, అమెరికా దేశములలోని ఆరోగ్యవంతులైన శిశువులను పరిశీలింపజేసి 2006లో ప్రకటించిన ఫలితములను బట్టి చూడగా, చేతులపై మోకాళ్లపై పాకుట సగటున 8 మాసములు దాటిన పిమ్మట అలవడును; కాని 5 మాసములు నిండిన కొలది దినములకే పాకువారును, 13 మాసముల వరకు పాకనివారును ఆరోగ్యవంతులలోనే కలరు. నూటికి నలుగురు శిశువులు ఈ పద్ధతిని అవలంబింపకయే, కూర్చుండి జరిగియో, పొట్టపై ఈడ్చుకొనియో, తమకు తోచిన త్రోవను నడకలోనికి దిగుదురు. కావున పొరుగింటి బిడ్డ పాకినదని మన బిడ్డను గూర్చి బెంగపడుట ఎంత నిష్ప్రయోజనమో, మన బిడ్డ యింకను పాకుటలేదు గదా యని ఇంటి ఏర్పాటులను వాయిదా వేయుటయు అంత ప్రమాదకరము.

దోగాట కేవలము కండరముల విద్య యనుకొనరాదు. దానితో బిడ్డ మనస్సులోని లోకము మారిపోవును. కార్నెల్ విశ్వవిద్యాలయమున ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అను శాస్త్రజ్ఞులు ఎత్తైన బల్లపై దళసరి గాజుపలక నమర్చి, ఒకవైపున గళ్లగుడ్డ గాజును అంటియుండునట్లును, మరియొకవైపున అదే గుడ్డ చాల లోతున కనబడునట్లును ఏర్పరచి, నడుమనున్న పట్టీపై శిశువులను కూర్చుండబెట్టిరి. 1960లో వారు వెల్లడించిన వృత్తాంతము ననుసరించి, 6 మొదలు 14 మాసముల వయస్సు గల 36 మందిలో 27 గురు పట్టీ దిగి కదలిరి; వీరందరును లోతులేని వైపునకు పాకిరి గాని, తల్లి ఎంత బుజ్జగించి పిలిచినను లోతు కనబడు వైపునకు పాకినవారు మువ్వురు మాత్రమే. ఇంతకంటె గమనింపదగిన విషయము, జోసెఫ్ కాంపోస్ ప్రభృతులు తరువాతి కాలమున చేసిన పరిశోధనల వలన తేలినది: ఈ జంకు వయస్సుతోపాటు తనంత తానుగ వచ్చునది కాదు, కొన్ని వారములు స్వయముగా పాకి తిరిగిన అనుభవము చేతనే బిడ్డకు ఒంటబట్టును. అనగా పాకుట మొదట వచ్చును, భయము పిదప వచ్చును. ఆ రెండింటి నడిమి దినములలో బిడ్డకు మెట్ల అంచును, మరుగుచున్న పాలగిన్నెయు, నిద్రించు కుక్క మూతియు సమానమైన ఆకర్షణలే. దీనికి తోడు, ఆ వయస్సున పిడికిట పట్టుటయందున్న నేర్పు విడుచుటయందుండదు. చెవి దొరికినను, తోక దొరికినను బిడ్డ గట్టిగా పట్టుకొనును. పట్టిన దానిని తలచిన తక్షణము విడుచు విద్య మెల్లగా అలవడును.

ఇక కుక్క సంగతి. మేధావియైన శునకమైనను బిడ్డలను గూర్చిన జ్ఞానముతో జన్మింపదు. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధనాలయమున అనేక సంవత్సరములు కుక్కపిల్లలను పెంచి పరిశీలించిన జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనువారు 1965లో ప్రకటించిన గ్రంథమున, పుట్టిన మూడవ వారము మొదలు ఇంచుమించు పండ్రెండవ వారము వరకు గల కాలము కుక్క సాంఘిక జీవనమునకు పునాది యని నిరూపించిరి. ఆ కాలమున ఏ ప్రాణులతో అది చెలిమి చేసినదో వానిని జీవితాంతము తనవారిగా నెంచును. చూడని ప్రాణులయెడ శంక వహించును. పెండ్లియైన క్రొత్తలో ముచ్చటపడి తెచ్చుకొన్న కుక్కపిల్ల ఇద్దరు పెద్దల నడుమనే పెరిగి, మూడు నాలుగు సంవత్సరముల వయస్సున మొట్టమొదటి సారిగా దోగాడు శిశువును చూచినయెడల, దాని కలవరమునకు దుష్టత్వము కారణము కాదు, అపరిచయమే కారణము. పైగా బిడ్డ చేయు పనులలో పెక్కు కుక్కల మర్యాదకు విరుద్ధములు. అపరిచితమైన కుక్కలు ఒండొంటిని సమీపించునపుడు చూపు ప్రక్కకు త్రిప్పి, వంపు తిరిగి వచ్చును. బిడ్డ కన్నులార్పక చూచుచు సూటిగా వచ్చును. మనుష్యుని చెవికి సెకనుకు 20 వేల కంపనములకు మించిన ధ్వని వినరాదు. కుక్క 45 వేల వరకు వినగలదు. కావున మనకు ముద్దు గొలుపు ఆ కీచుకేక దాని చెవికి ఎంత తీక్ష్ణముగా తాకునో ఊహించుకొనవచ్చును.

ఇట్టి సమయమున కుక్క ఊరకుండదు. తన భాషలో చెప్పవలసినదంతయు చెప్పుచునేయుండును. నిద్ర రాకున్నను ఆవులించును, ఆహారము లేకున్నను నాలుకతో ముక్కు నాకుకొనును, ముఖము పెడగా త్రిప్పుకొనును, లేచి వేరొక మూలకు పోవును. కుక్కలకు శిక్షణ యిచ్చుటయందు ప్రసిద్ధి చెందిన నార్వే వనిత తూరిద్ రూగాస్ ఇట్టి చేష్టలను శాంతిసూచకములుగా వివరించెను. వీనిని ఎవ్వరును లెక్కసేయనపుడు కుక్క దేహము బిగియును, కనుకొలకుల తెలుపు కానవచ్చును, ఆపైని గుర్రుమనును, పండ్లు చూపును. ఇన్నియు వ్యర్థమైన పిమ్మటగాని సాధారణముగా కరవదు. “మా కుక్క ఎన్నడును ఏమియు అనలేదండీ, ఉన్నట్టుండి కరచినది” అని వాపోవు గృహస్థు మాటలో అసత్యము లేకపోవచ్చును గాని, కుక్క చెప్పిన పెక్కు మాటలలో ఒక్కటియు ఆయనకు వినబడలేదనుట మాత్రము సత్యము. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టుట మరియొక ప్రమాదము. ఇల్లంటుకొన్నదని కేకవేసినవాని నోరు నొక్కుట వంటిది. దెబ్బలు తిన్న కుక్కకు బిడ్డయెడ శంక తగ్గదు సరిగదా, ఇబ్బందికి తోడు దెబ్బయు ఆ బిడ్డ మూలముననే వచ్చినదని తోచును. గుర్రుమనుట మాత్రము మానును.

మరి బిడ్డకు ఈ భాష తెలియునా? తెలియదు. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయమున కెర్‌స్టిన్ మైంట్స్ ప్రభృతులు బాలబాలికలకు కుక్కల ముఖచిత్రములను చూపి ప్రశ్నింపగా, నాలుగేండ్ల వారిలో సయితము అనేకులు పండ్లు చూపుచున్న కుక్క నవ్వుచున్నదని తలంచిరి. నాలుగేండ్ల వారి గతియే ఇట్లుండ, పది మాసముల పసికందును గూర్చి చెప్పనేల? పసివారికి తగులు కుక్కకాట్లలో అధికభాగము ముఖమునకు, తలకు, మెడకు తగులుటకు కారణము కూడ సుస్పష్టము: పాకు బిడ్డ ముఖమును కుక్క మూతియు ఒకే ఎత్తుననుండును. అమెరికాలో ఇలానా రైస్నర్ మున్నగు పశువైద్యులు, పిల్లలను కరచిన కుక్కల చరిత్రలను విచారించి 2007లో తెలిపినదేమనగా, ఆరేండ్లలోపు పిల్లలను కరచిన సందర్భములలో తరచుగా కానవచ్చు హేతువు ఆహారము మున్నగు తనసొత్తును కాపాడుకొనుట యని. నేలపై కూర్చుండి భుజించు ఆచారము గల మన యిండ్లకు ఈ విషయము మిక్కిలి వర్తించును. కుక్క పళ్లెమును, పెద్దల విస్తళ్లును, బిడ్డ చేతి బిస్కత్తును ఒకే నేలపై ఉండు సమయమున మువ్వురి సొత్తుల సరిహద్దులను ఎరిగినవారు పెద్దలు తప్ప అన్యులు లేరు.

ఇచ్చట ప్రకృతి పెద్దలకు ఒక చక్కని సాధనము నొసగినది. క్రొత్త వస్తువు ఎదురై, మంచిదో చెడ్డదో తోచనపుడు శిశువు వెనుదిరిగి తల్లి ముఖమును చూచును. గిబ్సన్, వాక్‌ల గాజుబల్లనే కొంచెము మార్చి, లోతును సుమారు 30 సెంటీమీటర్లకు కుదించి, ఏడాది వయస్సు గల బిడ్డలతో చేసిన ప్రయోగము 1985లో వెలువడినది. తల్లి ముఖమున భీతి కనబడినపుడు 17 మందిలో ఒక్కరును దాటలేదు. సంతోషము కనబడినపుడు 19 మందిలో 14 గురు దాటిరి. కుక్క కూడ ఇదే చేయుననుట ఆశ్చర్యకరము. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞులు రిబ్బనులు కట్టిన విద్యుత్ పంకాను కుక్కల యెదుట త్రిప్పగా, వానిలో అధికసంఖ్యాకములు పంకాను, యజమాని ముఖమును మార్చి మార్చి చూచినవనియు, యజమాని ముఖమునను స్వరమునను భీతి తోచినపుడు వెనుకాడినవనియు 2012లో ప్రకటించిరి. బిడ్డకు కుక్క ముఖము చదువరాదు. కుక్కకు బిడ్డ చేష్ట బోధపడదు. కాని ఇద్దరును పెద్దవారి ముఖమును చదువగలరు. కావున బిడ్డ కుక్కను సమీపించినంతనే కెవ్వున అరచి కుక్కపైకి ఉరుకు తల్లి, తెలియకయే ఇద్దరికిని భయపాఠము చెప్పుచున్నది. ప్రశాంతముగా బిడ్డ నెత్తుకొని, కుక్కను మృదువుగా పలుకరించి వేరొక చోటికి పిలుచుకొను తల్లి ఇద్దరికిని శాంతిపాఠము చెప్పుచున్నది.

అయినను పాఠముపై మాత్రమే భారము వేయరాదు, గోడపై కూడ కొంత వేయవలెను. ఎంతటి నమ్మకమైన కుక్కనైనను బిడ్డతో ఒంటరిగా విడువరాదు. ఒక గదిలో ఉండి చరవాణిని చూచుచుండుట కనిపెట్టి యుండుట కానేరదు. బిడ్డ చేరలేని మూల యొకటి కుక్కకు సొంతముగా నుండవలెను. అది అచ్చటికి పోయినపుడు పిలువరాదు, బిడ్డను పోనీయరాదు. ద్వారమున మోకాలెత్తు తడక యొకటి బిగించినచో ఇద్దరును ఒకరినొకరు చూచుచు, వాసనకు అలవాటు పడుచు, తాకకుండ ఉండగలరు. కుక్క భోజనము తలుపు వెనుక జరుగవలెను. బిడ్డ కుక్కపై స్వారి చేయుటయు, దానిని కౌగిలించుటయు ఛాయాచిత్రములకు ఎంత సొగసుగా నున్నను, ఆ చిత్రమున కుక్క ముఖమును మరియొకమారు పరీక్షించినవారికి ఆ సొగసు తగ్గిపోవును.

ఆరోగ్యవిషయమున రెండు మాటలు. కుక్కకు మూడవ మాసమున రేబీస్ టీకా మొదలిడి, పశువైద్యుడు చెప్పిన గడువులలో మరల మరల వేయించుట మన దేశమున విధిగా పాటింపవలసిన నియమము. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన పిదప బ్రదికినవారు అత్యంత విరళము. పంటిగాటు పడినచో, గీత యంతయే యైనను, సబ్బుతోను ధారగా పారు నీటితోను 15 నిమిషములు కడిగి, వెంటనే వైద్యుని చేరవలెను. ముఖమున పడిన గాయము మెదడునకు సమీపము కావున క్షణమైనను ఆలసింపరాదు. చేతిని నోటబెట్టుకొనుటయే వ్యాపకముగా గల బిడ్డ తిరుగు నేలపై కుక్క కడుపులోని ఏలికపాముల గ్రుడ్లు ఉండరాదు; అవి వ్యాధికారకములగుటకు నేలలో రెండు మూడు వారములు పట్టును గనుక, కుక్క మలమును ఏనాటికానాడు తీసివేయుటయు, దానికి కాలానుసారముగా పురుగులమందు పట్టుటయు సులభమైన రక్షణలు. ఈ జాగ్రత్తలు తీసికొన్న యింట కుక్క చెలిమి కీడుకు మారు మేలే చేయునని తలచుటకు ఆధారములు కలవు. ఫిన్లండు దేశమున 397 మంది శిశువులను మొదటి యేడాది పరిశీలించి 2012లో ప్రకటించిన ఫలితములలో, కుక్కలున్న యింటి బిడ్డలకు శ్వాసకోశపు జబ్బులును చెవిపోటులును తక్కువగా వచ్చినవని తేలినది. స్వీడనులో 2015లో వెలువడిన విస్తారమైన పరిశోధనలో, మొదటి యేడాది కుక్కతో పెరిగిన పిల్లలకు బడియీడున ఉబ్బసము 13 శాతము తక్కువగా కనబడినది. కుక్కయే దీనికి ఏకైక కారణమని ఈ లెక్కలు ఋజువు చేయవు గాని, కుక్క ఉన్నచో బిడ్డకు రోగము తప్పదను పెద్దల అనుమానమును మాత్రము చాలవరకు తొలగించును.

చివరకు తల్లిదండ్రులు మరువరాని విషయమొకటి కలదు. వాలుబల్లలపై శిశువుల ప్రవర్తనను ఏండ్ల తరబడి పరిశీలించిన కారెన్ అడాల్ఫ్, పాకుటలో ఆరితేరి నిటారైన వాలును చూచి ఆగుట నేర్చిన బిడ్డలే, నడక ప్రారంభించిన వెంటనే ఆ వివేకమును కోల్పోయి అదే వాలుపై ముందునకు ఉరికిరని కనుగొనెను. ఒక భంగిమలో గడించిన జాగ్రత్త మరియొక భంగిమకు సంక్రమింపదు. నడక నేర్చు బిడ్డలు గంటకు సగటున 17 సారులు పడుదురని 2012లో ఆమె బృందమే లెక్కగట్టినది. ఆ పడుటలలో ఎన్నియో కుక్క పండుకొన్న చోటనే జరుగవచ్చును. పాకు బిడ్డకు అలవాటుపడిన కుక్కకు, రెండు కాళ్లపై తూలుచు, చేతులు చాచి, పైనుండి మీద పడు ఆ బిడ్డ మరల క్రొత్త జంతువే. కనుక పాకునాటి ఏర్పాటులు నడకనాటికి చాలునని నమ్మక, బిడ్డ నిలువబడిన నాడే తడక యెత్తు చూచుకొని, కుక్క మూలను మార్చి, కాపలాను మొదటినుండి ఆరంభించుట విజ్ఞుల కర్తవ్యము.