ఉద్యోగము పోయిన యింట కార్డు అప్పు

ముప్పది సంవత్సరములకు పైగా జగిత్యాల ప్రాంతపు పాఠశాలలలో సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితుడను నేను. అట్టివాడు బ్యాంకు కార్డును గూర్చి ప్రసంగింపబూనుట యేమని మీకు తోచవచ్చును. కారణము చెప్పెదను. పూర్వము సాయంకాలమున నా యరుగుమీదికి వచ్చు పెద్దలు పురాణములోని సందేహము నడుగుటకు వచ్చెడివారు. ఇటీవల వారిలో కొందరు, కొడుకు పేర వచ్చిన బ్యాంకు నోటీసును మడిచి కండువా కొంగున దాచుకొని వచ్చుచున్నారు. తక్కినవారు లేచిపోవువరకు వేచియుండి, మెల్లగా దానిని నా చేతికిచ్చి, "పంతులుగారూ, ఇందులో నేమున్నదో కొంచెము చదివి చెప్పుడు" అనుచున్నారు. ఆ కాగితములను చదివి చదివి నేను తెలిసికొన్న నాలుగు మాటలు నేడు మీకు విన్నవించుకొందును.

మన యూరి కిరాణా దుకాణమున ఖాతా పెట్టుకొని, పంట చేతికి వచ్చిన పిమ్మట తీర్చుట మనకు క్రొత్త గాదు. క్రెడిట్ కార్డు అట్టి ఖాతాయే. సరకు నేడు కొందుము. దుకాణదారునకు బ్యాంకు సొమ్ము చెల్లించును. నెలకొకసారి బ్యాంకు మనకు లెక్క పంపును. గడువులోపల మొత్తము తీర్చినవానికి వడ్డీ లేదు. నెలజీతము తప్పక వచ్చునంతవరకు ఇది సౌకర్యమే. చిక్కంతయు జీతమాగిన నెలనుండి మొదలగును. మొత్తము తీర్పని నెలలో ఆ యుచితపు గడువు పోవును. వడ్డీ సరకు కొన్న దినమునుండియే లెక్కకు వచ్చును. ఆపైన క్రొత్తగా కొన్న వస్తువునకును కొన్ననాటినుండియే వడ్డీ పడును. ఇక కార్డుతో నగదు తీసినచో మొదటి దినమునుండియే వడ్డీ, దానిపై రుసుము కూడ.

ఆ వడ్డీ యెంత? బ్యాంకువారు దానిని నూటికి సంవత్సరమునకు ఇంతయని చిన్న యక్షరములలో వ్రాయుదురు. మనము మన లెక్కలో చూతము. షావుకారు నోటు వ్రాయించుకొనునప్పుడు "రెండు రూపాయల వడ్డీ", "మూడు రూపాయల వడ్డీ" అనును గదా. ఆ భాషలో జెప్పినచో, చాల కార్డులపై మూడు, మూడున్నర రూపాయల వడ్డీ. ఈ వడ్డీమీద నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. పన్ను వేరుగా గలదు. మూడున్నర రూపాయల వడ్డీ పన్నుతో గలిసి 4 రూపాయల 13 పైసలగును. ఊరిలో నాలుగు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినవానిని జూచి మనము జాలిపడుదుము. జేబులో కార్డున్న వానిని జూచి గౌరవింతుము. లెక్కలో ఇద్దరును ఒక్కచోటనే యున్నారు.

ధర్మశాస్త్రములు చదివినవాడను గనుక ఒక మాట. వడ్డీ అసలును మించరాదని మనుస్మృతిలో నియమము గలదు. వడ్డీమీద వడ్డీకి చక్రవృద్ధి యను పేరును ఆ శాస్త్రమున గలదు. కాని నేటి బ్యాంకు కార్డునకు ఆ నియమము ఆనకట్ట కాజాలదు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషను, సంవత్సరమునకు నూటికి 30కి మించి కార్డు వడ్డీ గైకొనుట అన్యాయమని తీర్పు చెప్పెను. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. కావున "ఇంత వడ్డీ చెల్లదులే" యను నాశతో కాలము గడుపరాదు.

బ్యాంకువారు పంపు లెక్కలో రెండంకె లుండును. మొదటిది చెల్లవలసిన మొత్తము. రెండవది కనీసపు చెల్లింపు. ఉద్యోగము పోయినవాని కన్ను రెండవదానిపై బడును. అది చెల్లించిన నెల ఫోనులు రావు. కాని అప్పును తరుగదు. లక్ష రూపాయలు బాకీ యున్నదనుకొందము. కనీసపు చెల్లింపు నూటికి 5 చొప్పున 5,000 రూపాయలు. అందులో వడ్డీయును పన్నును గలిసి 4,130 పోవును. అసలులో తగ్గునది 870 మాత్రమే. ప్రతినెలయు ఇట్లే నూటికి 5 చొప్పున చెల్లించుచు, కార్డుతో మరి యేమియు కొనకున్నను, బాకీ సగమగుటకు ఆరున్నర సంవత్సరములు దాటును. అప్పటికి చెల్లించినది సుమారు 2,87,000 రూపాయలు. ఇంకను 50,000 నిలిచియే యుండును!

ఇదే లక్షను నెలకు రూపాయిన్నర వడ్డీపై 24 వాయిదాలుగా బ్యాంకుచే మార్పించుకొన్నచో, పన్నుతో గలిపి నెలకు సుమారు 5,150 రూపాయలు చెల్లింపవలసి యుండును. రెండు సంవత్సరములకు మొత్తము సుమారు 1,23,600తో అప్పు నిశ్శేషముగా తీరును. మొదటి నెలలో రెండు దారులకును భేదము నూటయేబది రూపాయలే. ఒకటి గానుగ చుట్టు తిరుగు దారి. రెండవది ఊరు చేర్చు దారి.

కోరుట్ల దగ్గర నా పూర్వవిద్యార్థి యొకడు వ్యవసాయము చేసికొనుచున్నాడు. అతని కుమారుడు హైదరాబాదులో నొక కంపెనీలో పనిచేయుచుండగా ఆ యుద్యోగము పోయెను. కుర్రవాడు ఐదు నెలలు ఇంటిలో చెప్పలేదు. ఒక కార్డు బాకీ తీర్చుటకు రెండవ కార్డుతో నగదు తీసెను. మొదటిదానిమీద లక్ష, రెండవదానిమీద 40,000 నిలిచెను. వసూలు మనుష్యులు ఇంటికి వచ్చిన దినమున తండ్రికి తెలిసెను. ఆయన ఆ రాత్రియే ఎకరము పొలము తాకట్టుపెట్టి, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుటకు మాటాడుకొని, కాగితముపై సాక్షి సంతకమునకై నా యొద్దకు వచ్చెను.

నేను సంతకము చేయలేదు. "నాయనా, కూర్చుండుము. ఆ కార్డు అప్పునకు నీ పొలము హామీగా నున్నదా?" అని యడిగితిని. లేదనెను. "నీవు జమానతు సంతకము చేసితివా?" చేయలేదనెను. "హామీ లేని యప్పును తీర్చుటకు హామీ యున్న యప్పు తెచ్చెదవా? నేడు బ్యాంకునకు నీ పొలముమీద హక్కు లేదు. రేపు షావుకారున కుండును" అంటిని.

మహాశయులారా! నేను మీకు ముఖ్యముగా జెప్పదలచిన దిదియే. సాధారణముగా కార్డు అప్పు తీసికొన్నవాని సొంత యప్పు. జమానతు చేయని తండ్రి దానికి బాధ్యుడు కాడు. తండ్రి ఋణము కొడుకు తీర్చుట పుణ్యమని మన పెద్దలు చెప్పిరి. కాని 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించిన తరువాత, ఆ పుణ్యబంధ మొక్కటే యాధారముగా కొడుకును కోర్టు కీడ్చుటకు వీలులేదు. వారసునకు సంక్రమించిన యాస్తి యెంతయో అంతవరకే బాధ్యత. కొడుకునకు సహాయము చేయవద్దని నా యభిప్రాయము కాదు. సహాయము లెక్క చూచి చేయవలెను; సిగ్గుచేత పొలము నీయరాదు. బంగారమును బ్యాంకులో కుదువబెట్టిన వడ్డీ తక్కువే. కాని విడిపించు సంపాదన కనబడకున్న ఆ బంగారమును పోవును.

మరి చేయవలసిన దేమి? మొదట కార్డు వాడకము నిలుపవలెను. ఒక కార్డుతో మరియొక కార్డు బాకీ తీర్పరాదు. ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఎవరికెంత బాకీ, ఎంత వడ్డీ, దేనికి హామీ యున్నది యని యొక కాగితముపై వ్రాయవలెను. తిండి, మందులు, పిల్లల చదువు ముందు. పొలము, ఇల్లు, బంగారము హామీగా నున్న యప్పుల వాయిదాలు పిమ్మట. కార్డు ఆ తరువాత. అటుపిమ్మట బ్యాంకునకు వ్రాతమూలముగా తెలుపవలెను: ఉద్యోగము ఫలానా తేదీన పోయినది, నెల కింత చెల్లింపగలను, తక్కువ వడ్డీపై వాయిదాలుగా మార్పుడని. బ్యాంకు తప్పక యొప్పుకొనవలెనను చట్టము లేదు. ఐనను అడిగినవానికే దొరకును, ముందుగా నడిగినవానికి మేలుగా దొరకును. కొంత సొమ్ముతో సెటిల్మెంటు చేసికొందమని బ్యాంకే యన్నచో, ఆ మాట బ్యాంకు కాగితముపై వచ్చినదాక పైస యీయరాదు. వసూలుమనిషి సొంత ఖాతాలో నెన్నడును వేయరాదు. అట్లు తెగ్గొట్టిన యప్పు పరపతి నివేదికలో ఆ పేరుతోనే నమోదగును. ముందు ముందు అప్పు పుట్టుట కష్టమగునని యెరిగి యొప్పుకొనవలెను.

వసూలు మనుష్యులను గూర్చి భయపడవలదు. ఉదయము 8 గంటలకు ముందును, రాత్రి 7 గంటల తరువాతను వసూలు ఫోనులు చేయరాదనియు, బెదిరింపరాదనియు, నలుగురిలో అవమానింపరాదనియు, బంధుమిత్రులను బాధింపరాదనియు రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఉత్తరువు చేసెను. అతిక్రమించినచో తేదీ, గంట వ్రాసికొని బ్యాంకునకు ఫిర్యాదు పంపవలెను. ముప్పది దినములలో సరియైన సమాధానము రానియెడల రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు వ్రాయవచ్చును. దానికి రుసుము లేదు. అప్పు తీర్పలేకపోవుట మాత్రముచేత నెవరిని చెరలో వేయరు. చెక్కు వ్రాసియిచ్చి అది సొమ్ములేక తిరిగి వచ్చినచో మాత్రము అది వేరు నేరమగును. కావున తొందరపడి చెక్కు లీయరాదు. కోర్టు డిక్రీ వచ్చినను, 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ననుసరించి కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతిపనివాని పనిముట్లు, వ్యవసాయదారుని నివాసగృహము, సేద్యపు పశువులు జప్తునకు రావు. పొలము హామీ పెట్టి అప్పు తెచ్చినవానికి ఆ పొలము విషయమున ఇట్టి రక్ష లేదని గమనింపుడు. సలహా కావలసినవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. అచ్చట స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, పారిశ్రామిక కార్మికులకును న్యాయసహాయ ముచితము. లోక్ అదాలతులో రాజీకిని అవకాశము గలదు.

మన ప్రాంతపు పిల్లలు వేలకొలది దుబాయి వంటి ప్రాంతములకు వెళ్లినవారు గదా. అక్కడి యుద్యోగము పోయి, కార్డు బాకీతో తిరిగివచ్చినవారు "అప్పు సముద్రమున కావలనే యున్నది" అనుకొనుచుందురు. 2020 జనవరిలో మన ప్రభుత్వము జారీచేసిన ప్రకటననుబట్టి, యునైటెడ్ అరబ్ ఎమిరేట్సు కోర్టుల సొమ్ము డిక్రీలను ఇచ్చటి జిల్లాకోర్టులోనే అమలుపరుపవచ్చును. కావున ఆ బ్యాంకునకు కూడ జాబు వ్రాసి వాయిదాలు మాటాడుకొనుటయే మేలు.

చట్టము లిన్ని యున్నను, నోరు విప్పనివానికి అవి యుపయోగపడవు. ఈ మౌనమునకు మనవారు పూర్వమే గొప్ప వెల చెల్లించిరి. 2000 తరువాతి సంవత్సరములలో సిరిసిల్లలో సాంచెలు ఆగి, పనిలేక, అప్పులపాలై ఎందరో నేతకార్మికులు ప్రాణములు తీసికొనిరి. ఆ యిండ్లలో కొన్నిటికి నేను పరామర్శకు వెళ్లితిని. "ఒక్కమాట మాతో చెప్పియున్న బాగుండెడిది" అను మాటయే ప్రతి యింటను వింటిని.

సంస్కృతమున అప్పిచ్చువానిని ఉత్తమర్ణుడనియు, పుచ్చుకొన్నవానిని అధమర్ణుడనియు అందురు. ఆ పదమును పాఠము చెప్పునప్పుడు నా విద్యార్థులు అప్పుపడినవాడు అధముడని యర్థము చేసికొనెడివారు. కాదు. ఋణవిషయమున మాత్రమే క్రింది స్థానమున నున్నవాడని యర్థము. మనుష్యుడు అధముడని కాదు. బాకీ తీరిననాడు ఆ పేరు పోవును. ఇంటికి తిరిగివచ్చిన కుమారుని మనము ఈ వ్యాకరణముతోనే చూడవలెను. కోపపడుటకు ముందు, "ఎంత బాకీ యున్నది నాయనా?" యని యడుగవలెను.

కోరుట్ల మిత్రుని సంగతి చెప్పి ముగింతును. కుర్రవాని మోటారుసైకిలు అమ్మి రెండవ కార్డు తీర్చిరి. మొదటి బాకీకి బ్యాంకు తొలిజాబునకు పలుకలేదు. రెండవజాబునకు 24 వాయిదాల కొప్పుకొన్నది. కుర్రవాడు జగిత్యాలలో నొక రైసుమిల్లున లెక్కలు వ్రాయుచున్నాడు. ఇంకను తొమ్మిది వాయిదా లున్నవి. మొన్న తండ్రి నాకు కొత్తబియ్యము తెచ్చి యిచ్చెను. అవి ఆ యెకరములో పండినవే.