బదిలీల మాస్టారు

పట్టెడన్నం కోసం పెట్టె సర్దుకుని ఊళ్లు మారడం ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు తాతల నాటి నుంచీ తెలుసు. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. ప్రేమ్ బజార్‌లో ఫుట్‌బాల్ ప్రస్తావన వస్తే మాట కోల్‌కతా క్లబ్బుల మీదికి మళ్లక తప్పదు. 2022లో ఆ క్లబ్బుల్లో ఒకటైన ఈస్ట్ బెంగాల్‌కు కోచ్‌గా వచ్చాడు స్టీఫెన్ కాన్‌స్టాంటైన్. ఆయన బదిలీల చిట్టా చూస్తే రైల్వేవాళ్లు కూడా ఔరా అనాల్సిందే.

1962లో లండన్‌లో పుట్టాడు. అమెరికాలో చిన్న క్లబ్బులకు ఆడాడు. మోకాలి దెబ్బ ఇరవయ్యారేళ్లకే ఆట మాన్పించింది. పేరున్న ఆటగాడైతే సొంత దేశంలోనే ఏదో కుర్చీ దొరికేది. ఆ పేరు లేక, పిలిచిన దేశానికల్లా వెళ్లాడు: నేపాల్, భారత్, మలావి, సూడాన్, రువాండా, మళ్లీ భారత్, ఆ తర్వాత పాకిస్తాన్.

మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది హైదరాబాద్ ముచ్చట. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో ఆయన నడిపిన భారత జట్టు సెమీస్‌లో జింబాబ్వేను ఓడించి, ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడింది. అంతకు ముందు ఏడాదే వియత్నాంలో ఎల్‌జీ కప్ గెలిచింది. రజతం దక్కిన ఆ నగరం సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది. 1962లో మనకు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టిన ఆ హైదరాబాదీ కోచ్ మరుసటి ఏడాదే కన్నుమూశారు. 1964 ఆసియా కప్‌లో జట్టు రన్నరప్‌గా నిలిచినప్పుడు కోచ్ ఇంగ్లండ్‌కు చెందిన మాజీ గోల్‌కీపర్ హ్యారీ రైట్. కానీ ఆ ఆటగాళ్లలో చాలామందిని తీర్చిదిద్దింది రహీమే. వేరొకరు నాటిన చెట్టుకు కాసిన కాయలు అందుకునే అదృష్టం కాన్‌స్టాంటైన్‌కు ఏనాడూ లేదు.

2015లో రెండోసారి వచ్చేనాటికి ఫిఫా ర్యాంకింగ్స్‌లో మనది నూట డెబ్బై దాటిన స్థానం. 2017 జులైకి 96. చిన్న జట్ల మీద గెలిచి ఎగబాకారని విమర్శకులు పెదవి విరిచారు. అందులో కొంత నిజముంది, చూడముచ్చటైన ఆట కూడా కాదది. అయినా కొత్త కుర్రాళ్లకు వరసపెట్టి అవకాశమిచ్చిన తెగువ నాకు నచ్చింది. ర్యాంకు కన్నా అదే పెద్ద పని.

2019 జనవరి 6న అబుదాబిలో ఆసియా కప్‌లో మన తొలి మ్యాచ్. థాయిలాండ్‌పై 4-1. తర్వాత యూఏఈ చేతిలో ఓటమి. 14న బహ్రెయిన్‌తో డ్రా చేసుకున్నా నాకౌట్‌కు చేరేవాళ్లమే. 91వ నిమిషంలో వాళ్లకు పెనాల్టీ, గోల్! అదే రాత్రి కాన్‌స్టాంటైన్ రాజీనామా ఇచ్చేశాడు.

ఈస్ట్ బెంగాల్‌లో కలిసిరాలేదు. ఒక్క సీజన్‌తోనే సరి. 2023లో పాకిస్తాన్‌కు వెళ్లి, అక్టోబరు 17న ఇస్లామాబాద్‌లో కంబోడియాను 1-0తో ఓడించాడు. ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో ఆ దేశానికి అదే మొట్టమొదటి గెలుపు.