చమురూ, చట్టమూ

1970లో అబర్డీనుకు తూర్పున సముద్రగర్భమున చమురు బయల్పడినది. కొలది కాలమునకే స్కాట్లండు జాతీయ పక్షము ‘ఇది స్కాట్లండు చమురు’ అను నినాదము నెత్తుకొన్నది. 1974 అక్టోబరు ఎన్నికలలో ఆ పక్షమునకు లండను పార్లమెంటున 11 స్థానములు లభించినవి. తమ సంపద పరహస్తగతమగుచున్నదను ఆవేదనయే నాటి దాని బలము.

ఆ పక్షమే 2007లో ఎడింబరోలో అధికారమునకు వచ్చినది. దాని ప్రభుత్వము ప్రతిపాదించిన శీతోష్ణస్థితి చట్టమును 2009లో శాసనసభ ఏకగ్రీవముగా ఆమోదించినది. భూమిని వేడెక్కించు వాయువులను, 1990 నాటి లెక్కపై, 2030 నాటికి 75 శాతము తగ్గింపవలెననియు, 2045 నాటికి నికరముగా శూన్యము చేయవలెననియు 2019లో మరియొక చట్టము శాసించినది. లండను పెట్టుకొన్న గడువు 2050. ఐదేండ్లు ముందుండుటలోని జాత్యభిమానమును పోల్చుకొనుట కష్టము కాదు.

బొగ్గు విద్యుత్తు 2016లోనే ముగిసినది. ఇండ్లను వెచ్చబరచు గ్యాసు, కార్లు, పొలములు అంత తేలికగా లొంగలేదు. చమురు తవ్వకమునకు అనుమతి నిచ్చునది లండను గనుక, అన్నిటికంటె కఠినమైన ఆ పరీక్ష ఎడింబరోకు తప్పినదనవచ్చును.

2024 ఏప్రిల్‌లో 75 శాతపు లక్ష్యము అసాధ్యమని ప్రభుత్వము ఒప్పుకొన్నది. కొలది దినములలోనే హరిత పక్షముతోడి ఒడంబడిక తెగినది. ప్రథమ మంత్రి హమ్జా యూసఫ్ పదవి విడువవలసి వచ్చినది. ఆ నవంబరులో ఏటేటి లక్ష్యములకు మారుగా ఐదేండ్ల కర్బన పరిమితులు చట్టమున చేరినవి. 2045 గడువును మాత్రము కదల్చలేదు.